లక్ష పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌ని ఎందుకు మార్చబుద్ధి కావట్లేదు?

ఈరోజు ఎపిసోడ్‌లో ఏ కొత్త మోడల్ గురించీ చెప్పట్లేదు. అన్‌బాక్సింగ్ లేదు, స్పెసిఫికేషన్లు చదవడం లేదు. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ పాత ల్యాప్‌టాప్ గురించే మాట్లాడుకుందాం.

ఇది మ్యాక్‌బుక్ ఎయిర్, ఎం1 చిప్‌ది. 2021 ఆగస్టులో కొన్నాను. దీన్ని మార్చాలని ఇప్పటికి మూడుసార్లు అనుకున్నాను. మూడుసార్లూ షోరూమ్ దాకా వెళ్లాను, కొత్తది చేత్తో పట్టుకున్నాను, కీబోర్డ్ మీద నాలుగు అక్షరాలు కొట్టాను, "బాగుంది అన్నా, ఆలోచించుకుని వస్తా" అని చెప్పి బయటకొచ్చేశాను. నా ఫ్రెండ్స్‌లో కూడా చాలామందిది ఇదే కథ. ఫోన్ అయితే రెండేళ్లకో మూడేళ్లకో మార్చేస్తారు. ల్యాప్‌టాప్ దగ్గరకొచ్చేసరికి మాత్రం "వచ్చే ఏడాది చూద్దాంలే" అంటారు.

ఎందుకిలా? మనం పిసినారులమా? లేక కంపెనీలే అంత బాగా చేసేశాయా? లేకపోతే నిజంగా మార్చాల్సిన టైమ్‌ని కూడా వాయిదా వేస్తున్నామా? ఈ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. దాని గురించి చివర్లో మా బావ కథ ఒకటి చెప్తా. స్కిప్ చేయకండి.

ముందు మొదటి కారణం. పాతది ఇంకా బాగానే పనిచేస్తోంది. వినడానికి ఇది కారణంలా అనిపించదు గానీ అసలు విషయం ఇదే.

ఒకసారి 2020కి ముందు రోజులు గుర్తు చేసుకోండి. సన్నగా ఉండే ఖరీదైన ల్యాప్‌టాప్ అంటే ఒళ్లో పెట్టుకుంటే కాలిపోయేది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఫ్యాన్ గుయ్యిమని మోగేది. చార్జర్ లేకుండా బయటకెళ్తే భయం. అప్పుడు నాలుగేళ్లకోసారి మార్చడానికి కారణం ఉండేది, ఎందుకంటే కొత్తది కొన్న రోజే తేడా తెలిసేది.

2020 నవంబర్ 10న యాపిల్ ఎం1 చిప్‌ని ప్రకటించింది. అంతవరకూ ఇంటెల్ ప్రాసెసర్లు వాడిన కంపెనీ సొంత చిప్ పెట్టింది. ఎయిర్ మోడల్‌లో ఫ్యానే తీసేశారు. అయినా వేడెక్కదు, చప్పుడు లేదు, చార్జింగ్ రోజంతా వస్తుంది. అది ఒక అడుగు కాదు, ఒకేసారి పది మెట్లు ఎక్కేయడం. కానీ ఆ పది మెట్లు ఎక్కాక ఏమైంది? తర్వాత వచ్చినవన్నీ ఒక్కో మెట్టే. 2022లో ఎం2, 2024 మార్చిలో ఎం3, 2025 మార్చిలో ఎం4 ఎయిర్ వచ్చాయి. ప్రతిసారీ కొంచెం వేగం పెరిగింది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. "తేడా ఏమీ లేదు" అంటే అది అబద్ధం. బెంచ్‌మార్క్ నంబర్లు చూస్తే ఎం1 కంటే ఎం4లో ఒక్కో కోర్ వేగం ఒకటిన్నర రెట్లకు పైనే. కానీ మీరు నేనూ రోజూ చేసే పని ఏంటి? బ్రౌజర్, యూట్యూబ్, జూమ్ కాల్, ఒక వర్డ్ ఫైల్, ఒక ఎక్సెల్ షీట్. పేజీ తెరుచుకోవడం ఆలస్యమైందంటే చాలాసార్లు తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, మీ వైఫైది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని నెట్ కోసం ఎదురుచూస్తోంది. అలా ఖాళీగా కూర్చున్న ప్రాసెసర్‌ని రెట్టింపు వేగం చేస్తే మీకేం తెలుస్తుంది?

ఈ సంగతి కంపెనీకీ తెలుసు. 2025లో ఎం4 ఎయిర్‌ని ప్రకటించినప్పుడు దేనితో పోల్చారో చూడండి. ఎం1 ఎయిర్ కంటే రెండు రెట్ల దాకా వేగం, ఇంటెల్ ఎయిర్ కంటే 23 రెట్ల దాకా వేగం అన్నారు. అంతకు ముందు ఏడాదే వచ్చిన ఎం3ని ముందు పెట్టుకుని మాట్లాడలేదు. అంటే ఆ ప్రకటన ఎవరి కోసం? నాలాగా మార్చకుండా కూర్చున్నవాళ్ల కోసమే అన్నమాట.

రెండో కారణం, కరోనా. 2020, 2021లో ఏమైంది? ఆన్‌లైన్ క్లాసులు, వర్క్ ఫ్రమ్ హోమ్. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ సరిపోలేదు. అందరూ ఒకేసారి కొన్నారు. ఐడీసీ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 35 కోట్ల పీసీలు దుకాణాలకు వెళ్తే, 2023కి అది 26 కోట్ల దగ్గరకు పడిపోయింది. మనుషులు కంప్యూటర్లు మానేయలేదు. మూడు నాలుగేళ్లలో కొనాల్సినవి ముందే కొనేశారు, అంతే. పండక్కి ముందే బట్టలు కొనేసుకున్నవాడు పండగ రోజు బట్టల షాపుకి ఎందుకు వెళ్తాడు?

మూడో కారణం, డబ్బు. దీని మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది మన దగ్గర వేరేగా ఉంటుంది.

ఎం1 ఎయిర్ అమెరికాలో 999 డాలర్లు, మన దగ్గర 92,900 రూపాయలు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఎం4 ఎయిర్ కూడా అమెరికాలో అదే 999 డాలర్లు. మరి మన దగ్గర? 99,900. అక్కడ ఒక్క డాలర్ కూడా పెరగలేదు, ఇక్కడ ఏడు వేలు పెరిగింది. ఎందుకంటే 2020 చివర్లో డాలర్ దాదాపు 74 రూపాయలు. 2025కి 85 దాటేసింది. దాని మీద 18 శాతం జీఎస్టీ. మధ్యలో వచ్చిన ఎం2 మోడల్ అయితే 1,19,900తో మొదలైంది. అప్పుడు షోరూమ్‌లో ఆ బోర్డు చూసి వెనక్కి తిరిగినవాళ్లలో నేనూ ఒకడిని.

ఇంకోటి, ఎక్స్‌ఛేంజ్. మనం 92 వేలు పెట్టి కొన్నది. కౌంటర్‌లో అబ్బాయి మూత తీసి, అటూ ఇటూ తిప్పి, మూలన ఉన్న చిన్న గీత చూసి, ఒక రేటు చెప్తాడు. ఆ రేటు వింటే మనసు చివుక్కుమంటుంది. దానికి తోడు ఇదే ఎం1 ఎయిర్ 2024 పండగ సేల్స్‌లో కొత్తది 60 వేల లోపే దొరికింది. కొత్తదే ఆ రేటుకి వస్తుంటే పాతదానికి ఎంత ఇస్తారు? తప్పు వాళ్లది కాదు, లెక్క అలా ఉంది. కానీ మనకు లెక్కకంటే కొన్న రోజు ఇచ్చిన డబ్బే గుర్తుంటుంది.

నాకైతే ఇంకా బాగా గుర్తుంటుంది. ఎందుకో చెప్తా. ఈ ల్యాప్‌టాప్ డబ్బు నాది కాదు. మా నాన్న లక్ష రూపాయల చీటీ వేశాడు. నెలకు ఐదు వేలు, 20 నెలలు. నాకు ల్యాప్‌టాప్ కావాలని తెలిసి మధ్యలోనే పాడేశాడు. పాట పోను, కమీషన్ పోను చేతికొచ్చింది 86 వేలు. మిగతా 6,900 నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్నది. చీటీ అయిపోయేదాకా నెలనెలా కట్టింది మాత్రం నాన్నే. ఇప్పుడు ఆ కౌంటర్‌లో అబ్బాయి "సార్, దీనికి ఇంతే వస్తుంది" అంటే నాకు వినిపించేది ల్యాప్‌టాప్ రేటు కాదు. అర్థమైంది కదా?

నాలుగో కారణం, ఫోన్. ఈ వీడియో మీలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తుంటారు. టికెట్లు, బ్యాంకు, షాపింగ్, రీల్స్, ఫొటోలు అన్నీ ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. ఒకప్పుడు ల్యాప్‌టాప్ చేసే పనుల్లో సగం ఇప్పుడు ఫోన్ చేస్తోంది. రోజుకి నూరుసార్లు ఫోన్ తీస్తాం, ల్యాప్‌టాప్ ఒకసారో రెండుసార్లో తెరుస్తాం. దేని మీద గీత పడితే ముందు కనిపిస్తుంది? దేని కెమెరా పాతబడితే ఫ్రెండ్స్ అడుగుతారు? అందుకే జేబులో డబ్బు ముందు ఫోన్ ఈఎంఐకి వెళ్తుంది. ల్యాప్‌టాప్ వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు.

ఐదో కారణం, "వచ్చే మోడల్" జబ్బు. ఇది పెళ్లిచూపుల్లాంటిది. వచ్చిన సంబంధం బాగానే ఉంటుంది. కానీ ఇంకా మంచిది వస్తుందేమో అని ఆగుతాం. ఎం2 వచ్చినప్పుడు ఎం3 వస్తుందట అన్నారు. ఎం3 వచ్చింది, కొనబోతుంటే అదే ఏడాది అక్టోబర్‌లో బేస్ మోడల్ మెమరీని 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచేశారు, అదే ధరకి. ఆ మార్చిలో 8 జీబీ కొన్నవాడి బాధ ఊహించుకోండి. అది చూశాక మనం ఇంకా భయపడిపోయాం. ఇవాళ కొంటే రేపు ఇంకోటి వస్తుందేమో అని. నిజం ఏంటంటే ఎప్పుడూ వస్తుంది. రాని రోజు ఉండదు.

మరి ఏఐ సంగతేంటి అంటారా? 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ "కోపైలట్ ప్లస్ పీసీ" అని కొత్త రకం ప్రకటించింది. ఏఐ పనుల కోసం ప్రత్యేకంగా ఒక భాగం, కనీసం 16 జీబీ మెమరీ ఉండాలన్నారు. కొత్తది కొనిపించడానికి ఇది గట్టి కారణం అవుతుందని అనుకున్నారు. కానీ మనలో ఎక్కువమంది వాడే ఏఐ ఎక్కడ నడుస్తుంది? చాట్‌జీపీటీని అడిగిన ప్రశ్నకు జవాబు తయారయ్యేది మీ ల్యాప్‌టాప్‌లో కాదు, ఎక్కడో ఉన్న డేటా సెంటర్‌లో. మీకు కావాల్సింది బ్రౌజర్, అంతే. యాపిల్ తన ఏఐ ఫీచర్లని ఎం1కి కూడా ఇచ్చింది. ఇక మార్చడానికి కారణం ఏముంది?

సరే, ఇంతవరకూ విన్నవాళ్లు "అన్నా, అయితే మార్చక్కర్లేదు అంటున్నావ్ కదా" అనుకుంటారు. ఆగండి. ఇప్పుడు మా బావ కథ.

మా బావ విజయవాడలో ట్యాక్స్ పనులు చేస్తాడు. షాపుల వాళ్ల జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్ ఫైలింగులు అన్నీ ఆయన దగ్గరే. 2016లో 80 వేలు పెట్టి ఒక మంచి విండోస్ ల్యాప్‌టాప్ కొన్నాడు. ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. అప్పట్లో అది నిజంగా మంచిదే. దాన్ని ఎంత బాగా చూసుకున్నాడంటే కీబోర్డ్ మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. "బండి ఇంకా పరిగెడుతోంది కదరా" అనేవాడు.

గత ఏడాది మౌస్‌ప్యాడ్ నొక్కుకోవడం మానేసింది. ఆయన ఒక మౌస్ కొనుక్కుని పని కానిచ్చేశాడు. తర్వాత ల్యాప్‌టాప్ బల్ల మీద సరిగ్గా కూర్చోవడం లేదు, ఊగుతోంది. కింద పేపర్ మడిచి పెట్టాడు! నేను పండక్కి వెళ్లినప్పుడు చూసి, "బావా, దీన్ని ఇప్పుడే ఆపెయ్" అన్నాను. షాపుకి తీసుకెళ్లి అడుగు మూత విప్పిస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బే మౌస్‌ప్యాడ్‌ని పైకి తోస్తోంది. మెకానిక్ ఒకటే మాట అన్నాడు. "దీన్ని చార్జింగ్‌లో పెట్టి పడుకున్నారా సార్ ఇన్నాళ్లూ?" మా బావ మాట్లాడలేదు. ఆ ల్యాప్‌టాప్ ఆయన మంచం పక్కనే ఉంటుంది, పక్కన పిల్లలు పడుకుంటారు.

అక్కడితో అయిపోలేదు. అందులో ఉన్నది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకో ఏడాది అప్‌డేట్లు తీసుకునే స్కీమ్ ఉంది గానీ, దానికి విడిగా ఎన్‌రోల్ అవ్వాలి. ఈయన అవ్వలేదు. అలాంటి స్కీమ్ ఉందని కూడా తెలీదు. విండోస్ 11 వేద్దామంటే, ఇంటెల్ ప్రాసెసర్ అయితే మామూలుగా 8వ జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. ఈయనది 6వది. అంటే పదుల మంది షాపుల వాళ్ల పాన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ తాళం సరిగ్గా పడని బీరువాలో పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. హార్డ్ డిస్క్‌లోంచి ఫైల్స్ అన్నీ తీయగలిగాం.

నేను చెప్పేది ఇదే. వాయిదా వేయడంలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి, అవసరం లేదని తెలిసి ఆగడం. అది తెలివి. రెండోది, అవసరం వచ్చిందని తెలిసినా చూడనట్టు ఉండటం. అది ప్రమాదం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మీది ఏదో తెలుసుకోవాలంటే నాలుగు విషయాలు చెక్ చేసుకోండి. ఐదు నిమిషాలు పడుతుంది.

ఒకటి, అప్‌డేట్లు వస్తున్నాయా? రాకపోతే, అందులో బ్యాంకు పని, ఆఫీసు పని చేస్తుంటే, ఇంక ఆలోచించేది ఏమీ లేదు. మ్యాక్ వాడేవాళ్లకి చిన్న సమాచారం. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోనే ఇంటెల్ మ్యాక్‌లకు వచ్చే చివరి పెద్ద వెర్షన్ అని యాపిల్ ముందే చెప్పేసింది. ఎం1 వాళ్లకి ఇప్పుడే ఆ భయం లేదు.

రెండు, బ్యాటరీ. మ్యాక్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీ హెల్త్ చూడండి. ఈ ల్యాప్‌టాప్‌లకి 1000 చార్జింగ్ సైకిల్స్ దాకా లెక్క. 80 శాతం కిందకి వస్తే బ్యాటరీ మార్చుకునే టైమ్ అయినట్టు. విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే మొత్తం రిపోర్ట్ వస్తుంది. మొదట్లో ఎంత సామర్థ్యం ఉండేది, ఇప్పుడెంత ఉందో అందులో ఉంటుంది. బ్యాటరీ పాతబడితే బ్యాటరీ మార్చండి, ల్యాప్‌టాప్‌ని కాదు. ఉబ్బినట్టు అనిపిస్తే మాత్రం చార్జర్ పీకేసి, వాడటం ఆపి, షాపుకి తీసుకెళ్లండి. మీరు సొంతంగా విప్పకండి.

మూడు, మెమరీ. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరవండి. మీరు రోజూ చేసే పని చేస్తూ చూడండి. మ్యాక్‌లో మెమరీ ప్రెషర్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే హాయిగా ఉండండి. ఎప్పుడూ పసుపు, ఎరుపులోనే ఉంటే మీ పని ల్యాప్‌టాప్‌ని దాటిపోయినట్టు. పాత రోజుల్లో అయితే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి ఇంకో ర్యామ్ స్టిక్ వేయించుకుని వచ్చేవాళ్లం. ఇప్పుడు సన్నటి ప్రీమియం మోడల్స్‌లో చాలావరకు మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది. తర్వాత పెంచడం కుదరదు. ఎం1 కొన్న రోజు 16 జీబీ కోసం ఇంకో 20 వేలు అడిగారు. నా దగ్గర లేవు. ఇవాళ వీడియో ఎడిటింగ్‌లో నాకు వచ్చే ఇబ్బంది మొత్తం ఆ రోజు లేని ఆ 20 వేలదే. కాబట్టి కొనేటప్పుడు ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు, మెమరీలో తగ్గకండి.

నాలుగు, మీ టైమ్. ల్యాప్‌టాప్ వల్ల రోజూ అరగంట పోతోంది, ఆ అరగంటకి మీకు డబ్బు వస్తుంది అనుకోండి. అప్పుడు మార్చడం ఖర్చు కాదు, లాభం. అరగంట పోతే రీల్స్ చూసుకునే టైమే పోతోంది అంటే మాత్రం ఆగొచ్చు.

ఒక చిన్న లెక్క. 92,900 రూపాయల ల్యాప్‌టాప్‌ని ఐదేళ్లు వాడితే రోజుకు 51 రూపాయలు పడుతుంది. ఏడేళ్లు వాడితే 36 రూపాయలు. అంటే ఖరీదైనది కొన్నవాడు తొందరగా మార్చేస్తే ఆ ఖరీదుకి అర్థమే లేదు. ఎక్కువ పెట్టి కొన్నదే ఎక్కువ రోజులు ఉండటానికి. ఇంకో సంగతి కూడా గమనించండి. ఏఐ డేటా సెంటర్ల డిమాండ్ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ అనే బ్రాండ్‌ని ఆపేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి "ఆగితే తగ్గుతుంది" అన్న పాత నమ్మకం ప్రతిసారీ పనిచేయకపోవచ్చు. మీ పరీక్షలో అవసరం ఉందని తేలితే, పండగ సేల్ కోసం ఏడాది ఆగకండి.

మరి నా సంగతి? నేనూ ఈ నాలుగు చూసుకున్నాను. అప్‌డేట్లు వస్తున్నాయి. బ్యాటరీ 81 శాతం, అంటే ఇంకొన్ని నెలల్లో మార్పించాలి. టైమ్ కొంత పోతోంది. మెమరీ మాత్రం ఎడిటింగ్ మొదలుపెడితే పసుపే. అంటే నాది సగం తెలివి, సగం భయం. ఆ భయం కొత్త మోడల్ గురించి కాదు, రేటు గురించి కూడా కాదు. ఇది ఇచ్చేస్తే నాన్న ఏమనుకుంటాడో అని.

మొన్న ఫోన్‌లో మాటల్లో మాట వచ్చి అడిగేశాను. "నాన్నా, ఆ ల్యాప్‌టాప్ మార్చేస్తే ఏమనుకుంటావ్?" అని. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "అదింకా ఉందా? నేను ఎప్పుడో మార్చేశావనుకున్నా. పని ఆగుతుంటే చెప్పు, ఇంకో చీటీ వేద్దాం."

వద్దన్నాను. బ్యాంకులో నేనే నెలకు ఐదు వేలకి ఆర్‌డీ మొదలుపెట్టాను. అది చేతికొచ్చాక 16 జీబీ మోడల్ ఒకటి తీసుకుంటాను, ఈఎంఐ లేకుండా. ఇది ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వను. బ్యాటరీ వేయించి మా చెల్లికి ఇస్తాను. తను ఈ ఏడాది బీటెక్‌లో చేరింది, తన పనికి ఇది ఇంకో మూడేళ్లు హాయిగా వస్తుంది.

సరే ఫ్రెండ్స్, మీ ల్యాప్‌టాప్ వయసెంత? ఆ నాలుగు పరీక్షల్లో ఎన్ని పాసైంది? కింద రాయండి, నేను చదువుతాను. మీ ఇంట్లో ఎవరి ల్యాప్‌టాప్ అయినా బల్ల మీద ఊగుతుంటే మాత్రం, ఈ వీడియో తర్వాత చూడొచ్చు, ముందు వెళ్లి చార్జర్ పీకండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.